నాలుగో దిమ్మ

నా పని కోయడం. ఒంట్లోంచి తీసిన ముక్కని జిగురులో ముంచి, వేడి పెట్టెలో గట్టిపరిచి, దిమ్మ చేసి నాకిస్తారు. ఆ దిమ్మని నేను పొరలు పొరలుగా కోస్తాను. తలవెంట్రుక ఎంత లావుంటుందో అంత లావుని వెయ్యి పొరలు చెయ్యాలి. ఇది మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది. వయసైపోయిందని ఒకసారి ఇంటికి పంపించేశారు. ఏడు నెలలకి మళ్ళీ పిలిచారు. కోసే మిషన్లున్నాయి గానీ వాటి ముందు కూర్చునేవాడు దొరకలేదట.

ఆ రోజు నా ముందున్నది నాలుగో దిమ్మ. గోరంత ఉంటుంది. దాని మధ్యలో నువ్వుగింజంత నల్ల ముక్క. ఆ ముక్కలో ఎక్కడో ఒక క్యాన్సర్ కణం. వేలల్లో ఉంటాయి కణాలు, వాటిలో మాకు కావలసింది ఒకటే. అది బతికుండగా అమ్మాయి చూసింది. ఇప్పుడు మళ్ళీ దాన్నే చూడాలి.

అమ్మాయంటే ఈ పరిశోధన చేస్తున్న పిల్ల. నాకు చుట్టమేం కాదు. బాబాయ్ అంటుంది, నేను అమ్మాయ్ అంటాను. సంగతేమిటో మొదట్లో నాకు ఒకసారి చెప్పింది. ఎలుక వీపు చర్మంలో చిన్న గాజు కిటికీ పెడతారు. దానికి మత్తిచ్చి, ఊపిరి ఆడుతుండగానే లెన్సు కింద పడుకోబెట్టి లోపలికి చూస్తారు. రక్తనాళాలు ఎర్రగా, క్యాన్సర్ కణాలు పచ్చగా మెరుస్తాయి. ఆ కణాల్లో ఒకటి రక్తంలో కొట్టుకొచ్చి, ఒక చోట ఆగి, నాళం గోడలోంచి దూరి పక్కనున్న కండలోకి పోతుంది. జబ్బు ఒకచోట నుంచి ఇంకోచోటికి పాకేది అలాగే. గోడ ఎలా తెరిచింది? అదీ అమ్మాయి ప్రశ్న. బతికున్న బొమ్మలో కదలిక కనిపిస్తుంది, వివరం కనిపించదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వివరమంతా కనిపిస్తుంది, కానీ అక్కడికి వచ్చేసరికి అంతా చచ్చి గడ్డకట్టి ఉంటుంది, ఏ కణం ఏం చేసిందో తెలీదు. కాబట్టి రెండిట్లోనూ అదే కణాన్ని పట్టుకోవాలి.

అనుకున్నంత సుళువైతే ఈ కథ ఉండేది కాదు. మూడు దిమ్మలు కోశాను. మూడిట్లోనూ కణం లేదు.

పొద్దున్నే పెద్ద డాక్టరు వచ్చాడు. తలుపు వేయలేదు. ఆ తలుపు దానంతటది పడదని ఎన్నిసార్లు చెప్పానో. గాలి తగిలితే పొర ఎగిరిపోతుంది. లేచి వెళ్ళి నేనే వేశాను.

"పెద్దాయనా, చెయ్యి బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉంది."

"అంటే వణుకూ అదీ..."

చెయ్యి ముందుకు చాపి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. కాసేపు చూశాడు. అది వణకలేదు. ఆయనకే ఇబ్బందిగా అనిపించి అటు తిరిగాడు.

"ఏమీ అనుకోకండి. మూడుసార్లు పోయింది కదా. మిగతా అందరి పనీ కంప్యూటర్లో కనిపిస్తోంది, మీ పని ఒక్కటే..." అని ఆగిపోయాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగి, "ఇదే ఆఖరిది. సోమవారం నుంచి ఎలక్ట్రాన్ మిషను వేరే వాళ్ళకి ఇచ్చేశాను. ఇందులో దొరక్కపోతే ఈ పని కట్టిపెట్టి ఇంకోటి చూసుకో" అన్నాడు.

"ఇంకో రెండు నెలలు ఆగితే..."

"రెండు నెలల నుంచీ రెండు నెలలే అంటున్నావు."

ఆయన వెళ్ళిపోయాడు. తలుపు మళ్ళీ వేయలేదు.

అమ్మాయి స్టూలు మీద కూలబడింది. "బాబాయ్, ఇది కూడా పోతే నేను ఎక్కడికైనా పారిపోతాను."

"పోదువులే."

"అదేమిటి, వద్దనవా?"

"ముందు కోయనీ."

నవ్వింది గానీ నవ్వులా లేదు.

పని ఎలా చేస్తామో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. బతికున్న బొమ్మ తీసేది దోమ. సన్నగా ఉంటాడు, చీకటి గదిలో కూర్చుని రోజంతా కూనిరాగం తీస్తాడు, అందుకని ఆ పేరు. కణం గోడ దాటుతుండగా మందు పోసి ఎక్కడిదక్కడ ఆపి, ముక్క తీస్తారు. దానికి లోహపు రంగు పట్టిస్తారు. బొగ్గులా నల్లబడుతుంది, ఇక మామూలు వెలుతురు దూరదు. అందుకని దిమ్మ అయ్యాక ఎక్స్‌రే తీస్తారు. అది తీసేవాడు తొందర. ఎప్పుడు చూసినా ఒక కాలు బయటే ఉంటుంది, అందుకని తొందర. ఎక్స్‌రేలో నాళాలు కనిపిస్తాయి, కణం కనిపించదు. ఇద్దరూ ఒక్కో లోతుకి ఒక్కో బొమ్మ తీసి వరసగా నంబర్లు వేస్తారు. అమ్మాయి దోమ బొమ్మనీ తొందర బొమ్మనీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పెట్టి, కణం ఫలానా చోట ఉండాలని గుర్తు పెడుతుంది. ఆ గుర్తు చుట్టూ మాత్రం ఉంచి, మిగతాదంతా నేను చెక్కి పారేస్తాను. అప్పుడు సన్నగా కోసి, చిన్న రాగి జల్లెళ్ళ మీద పెట్టి ఎలక్ట్రాన్ మిషనుకి పంపిస్తాను. చెక్కి పారేసింది చెత్తబుట్టలోకే. మళ్ళీ రాదు.

గుర్తు ప్రకారం కణం నాళం చీలినచోట, చీలికకి కుడివైపున ఉంది. అందుకని ఎడమవైపు చెక్కాలి.

ముందు రోజంతా గాజు కత్తులు చేసుకున్నాను. గాజు పలకని గీసి విరిస్తే అంచు వస్తుంది. పది విరిస్తే మూడు పనికొస్తాయి. ఇంటికెళ్ళేసరికి వేళ్ళు పట్టేశాయి.

మా ఆవిడ కంచం పెట్టి, "ఏమయింది?" అంది.

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉందనేగా. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో ఏం లేదు, చూద్దాం, సరే. ఈ మూడే విన్నాను. ఇంకో మాట నేర్చుకోకూడదా?"

"చూద్దాం."

కంచం లాగేసుకున్నంత పని చేసింది. అప్పుడైనా చెబుదామనుకున్నాను. నన్నొక సంగతి లోపల తొలుస్తోంది. మూడో దిమ్మ కోసేటప్పుడు చూసినది. చెబితే ఆవిడ, వెళ్ళి వాళ్ళకి చెప్పు అంటుంది. వాళ్ళకి చెప్పడం ఇష్టం లేకే కదా నోరు మెదపనిది. తినేసి పడుకున్నాను.

ఆ సంగతి ఇది. సన్నగా కోసేముందు, దారి సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి కొన్ని మందపు పొరలు కోస్తాను. కోసిన పొర నీళ్ళ మీద తేలుతుంది. దాన్ని పుల్ల చివర అంటించిన కనురెప్ప వెంట్రుకతో తోసి, గాజు పలక మీదికి ఎత్తి, నీలం రంగు వేసి, నా పాత మైక్రోస్కోపులో చూస్తాను. వెంట్రుక మా ఆవిడదే. నాది ముతక. మూడో దిమ్మలో అలా చూస్తే, చీలిక పక్కనుండే చిన్న కొక్కెం లాంటి కొమ్మ ఎడమవైపు కనిపించింది. అమ్మాయి కంప్యూటర్లో కలిపి గోడకి అంటించిన బొమ్మలో అది కుడివైపు ఉంది. బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఎంత తిప్పినా కలవలేదు. ఎడమకాలి చెప్పుని ఎన్ని వంకర్లు తిప్పినా కుడికాలికి పట్టదు కదా, అలాగ.

పొర నీళ్ళలోంచి ఎత్తేటప్పుడు బోర్లా పడిందేమో అనుకున్నాను. అలా పడితే ఎడమ కుడి అవుతుంది. పనిలో చేరిన మొదటి ఏడాది వాడు చేసే తప్పది. ఇప్పుడు నేను చేశానంటే ఏమంటారు? చెయ్యి పోయిందంటారు. ఆ మాట కోసమే అందరూ కాచుకుని ఉన్నట్టు నాకు అనిపించేది. నోరు మూసుకుని, చెప్పినవైపు కోశాను.

ఈ నాలుగో దిమ్మ బొమ్మలో కూడా చీలికకి కుడివైపున అలాంటి కొక్కెమే ఉంది. ఈసారి ఆ అనుమానానికి తావు లేకుండా చేశాను. దిమ్మ ముఖం మీద ఒక మూల కొంచెం ఎక్కువ చెక్కాను. పొర బోర్లా పడితే ఆ మూల వేరేవైపు వస్తుంది, గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఆరు మందపు పొరలు తీశాను. ఆరూ సరిగ్గానే పడ్డాయి. నీలం వేసి చూశాను. ఆరిట్లోనూ కొక్కెం ఎడమవైపే.

అప్పటికే ఎడమవైపు చెక్కడం మొదలుపెట్టాను. చాలానే చెక్కాను.

బ్లేడు కింద పెట్టేశాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

"అమ్మాయ్, రా ఇలా."

వచ్చింది. చూపించాను. ఆమె ముందు పొరనీ, తర్వాత గోడ మీది బొమ్మనీ, తర్వాత నన్నూ చూసింది. "బోర్లా పడిందేమో బాబాయ్."

"ఆరూ పడతాయా?"

"మూల?"

"అదిగో."

ఇంకేం అనకుండా పరిగెత్తి పెద్ద డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఆయన వెనకాలే తొందర. తొందర ఎందుకొచ్చాడో తెలీదు, గొడవ ఎక్కడుంటే అక్కడ ఒక కాలు పెడతాడు.

"చూడండి పెద్దాయనా," అన్నాడు పెద్ద డాక్టరు, "లెక్క కంప్యూటర్ కట్టింది. అది ఎడమ కుడి పొరబడదు."

"దాన్నెవరైనా అడిగారా, పై ఏదని?"

"అంటే?"

"దిమ్మకి పై ఏది?"

తొందర నవ్వాడు. "ఇదేం ప్రశ్న తాతా, పై అంటే పైనే."

"నీ పై ఏది, చెప్పు."

"ఒకటో నంబరు బొమ్మ."

"అది ఎక్కడ తీస్తావు?"

"ఎక్కడేమిటి, మిషను అడుగు నుంచి మొదలుపెడుతుంది. అడుగున ఒకటి, పైకి పోతుంటే రెండు, మూడు..." అంటూనే వాడి గొంతు తగ్గిపోయింది. బయటున్న కాలు లోపలికి వచ్చింది.

అమ్మాయి అప్పటికే చీకటి గదికి వెళ్ళి దోమని లాక్కొచ్చింది. వెలుతురుకి కళ్ళు చికిలించుకుంటూ, "ఒకటో నంబరా? గాజు కిటికీ దగ్గర. అంటే పైన. అక్కణ్ణుంచి లోపలికి దిగుతాను. ఏం?" అన్నాడు దోమ.

అమ్మాయి గోడ మీది బొమ్మ వైపు తిరిగింది.

ఒకడు పైనుంచి లెక్కపెట్టాడు. ఇంకొకడు కిందనుంచి. అమ్మాయి రెండిట్లోనూ ఒకటి పైన అనుకుని కలిపింది. అరచెయ్యి ముందు నుంచి చూస్తే బొటనవేలు ఒకవైపుంటుంది, వెనకనుంచి చూస్తే రెండోవైపు. అంతే జరిగింది. నాళం చీలిక రెండువైపులా ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి కంప్యూటర్లో బాగానే అతికినట్టు కనబడింది. కొక్కెం ఎక్స్‌రేలో మసగ్గా ఉంటుంది, ఎవరూ పట్టించుకోలేదు.

"నువ్వు చెప్పొద్దూ అడుగునుంచని!" దోమ తొందర మీద ఒంటికాలి మీద లేచాడు.

"నువ్వు అడగొద్దూ! నాలుగడుగుల దూరంలో ఉంటావు, ఒక్కసారైనా నా గదికొచ్చావా? ఆ చీకట్లో కూర్చుని జుమ్మని..."

"ఎవర్రా దోమ?"

"నేనన్నానా ఆ మాట?"

"ఆపండి," అంది అమ్మాయి. గట్టిగా కూడా అనలేదు. ఆగిపోయారు.

పెద్ద డాక్టరు గోడ మీది బొమ్మ ఊడదీసి, కిటికీ అద్దానికి ఆనించి, వెనకవైపు నుంచి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే, "ఎడమవైపు ఎంత పోయింది?" అన్నాడు.

"కొలవాలి."

కొలిచాం. అమ్మాయి ఎక్స్‌రే బొమ్మల్ని తిరగేసి మళ్ళీ కలిపింది. కొత్త గుర్తు ఎడమవైపు వచ్చింది. నేను చెక్కిన అంచు సరిగ్గా ఆ గుర్తు మీదుగా పోతోంది. పక్కనుంచి కాదు, మీదుగా.

"అంటే సగం ఉందా?" అంది.

"ఉండొచ్చు."

"బాబాయ్, చూద్దాం అనకు, ఉండొచ్చు అనకు. ఏదో ఒకటి చెప్పు."

"కోస్తేగాని తెలీదు."

వజ్రపు కత్తి బిగించాను. అందరినీ బయటికి పొమ్మన్నాను. తలుపు కింద సందులో తడి గుడ్డ కుక్కాను. గాలి యంత్రం ఆపేశాను. ఉక్కపోసింది. చెక్కిన అంచు పక్కన ఒక్క వెంట్రుకవాసి కూడా ఇంక పోకూడదు. అంచు పెళుసుగా ఉంటుంది, కత్తి తగలగానే చితికితే ఆ సగమూ పోతుంది. మెల్లగా తిప్పాను. మొదటి పొర వచ్చింది, వెండి రంగులో. రెండోది. మూడోది. ఒకదాన్నొకటి పట్టుకుని రిబ్బనులా తేలాయి. కింద వీధిలో బండి ఏదో పోయింది, బల్ల అదిరింది, నాలుగోది నలిగింది. ఆ బండివాణ్ణి మనసులో తిట్టుకున్నాను. ఐదోది బాగా వచ్చింది.

మధ్యాహ్నానికి నలభై పొరలు రాగి జల్లెళ్ళ మీద పెట్టి ఎలక్ట్రాన్ గదికి పంపించాను. ఆ మిషను చూసే ఆవిణ్ణి అందరూ అత్తగారు అంటారు. ఆవిడ గదిలో చెప్పులు విప్పాలి, దగ్గకూడదు, ఎందుకు ఆలస్యమైందని అడగకూడదు. నేను చేతులు కడుక్కుని వెళ్ళేసరికి అమ్మాయి ఆవిడ వెనకాల నిలబడి ఉంది. పెద్ద డాక్టరు కూడా చెప్పులు విప్పి నిలబడ్డాడు. సాక్సుకి చిల్లుంది.

"ముప్పై ఒకటో పొర," అంది అత్తగారు. "ఇక్కడ చూడండి. తాకకండి తెరని."

నాళం గోడ కనిపించింది. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు రెండు కణాలు, వాటి మధ్య సందు. ఆ సందులోకి ఒక పాదం దూరి ఉంది. పాదమనే అనాలి దాన్ని. చివర సన్నగా, కొంచెం వంగి, గోడకున్న పల్చటి పొరని లోపలికి నొక్కుతోంది. పొర అక్కడ నానిన కాగితంలా చీకిపోయి ఉంది. పాదం వెనకాల కణం ఒళ్ళు కొంత ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. నా బ్లేడు గీసిన అంచు, దాని అవతల తెల్లగా.

అమ్మాయి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదేనా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"ఇదే. కొక్కెం, చీలిక, దూరం, అన్నీ కలిశాయి. తోసుకుపోవట్లేదు సార్, పొరని కరిగిస్తోంది. చూడండి."

ఆయన ఒంగి చూశాడు. ముఖం వెలిగింది, వెంటనే మాడింది. "కేంద్రకం లేదు. సగం కణం. ఇది ఒకటే చూపించి ఏం చెప్పగలం? అయితే ఇలా జరుగుతుందని తెలిసింది. మిషను ఇంకో నెల ఉంచుతాను. మొత్తం కణం ఒకటి కావాలి. మొదటి నుంచి చెయ్యండి." చెప్పులు వేసుకుంటూ నా భుజం తట్టబోయి, మానుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు నీళ్ళు తాగడానికి లేచింది. గదిలో ఇద్దరమే మిగిలాం. అమ్మాయి తెర మీది పాదాన్నే చూస్తోంది.

"బాబాయ్, ఈ కొక్కెం తేడా ఇప్పుడే చూశావా?"

అబద్ధం చెప్పొచ్చు. ఎవరికీ తెలీదు.

"మూడోదాంట్లో చూశాను."

ఆమె తిరగలేదు. "మరి?"

"నా చేతిలో బోర్లా పడిందనుకున్నాను."

"అనుకుని?"

"చెప్పలేదు."

మిషను లోపల ఏదో సన్నగా రొద చేస్తోంది.

"మూడోది దీనికంటే బాగుండేది," అంది. "అది సరిగ్గా సగం ఇటూ సగం అటూ ఉన్నప్పుడు ఆపాను. పదకొండు గంటలు కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చుని ఆపాను. కుడివైపు చెక్కి ఉంటే మొత్తం కణం దొరికేది. అదంతా మీ చెత్తబుట్టలోకి పోయింది."

అంతవరకూ నువ్వు అనే పిల్ల, మీ అంది. నేను నిలబడే ఉన్నాను. నా చెయ్యి పోయిందంటారని భయమేసింది అనడానికి నోరు రాలేదు. అది ఆమెకి ఏం పనికొస్తుంది?

"తప్పు నాది కూడా," అంది కాసేపటికి. "పై ఏదని నేనే అడగాలి. ముగ్గుర్నీ అడగాలి. అయినా మీరు ఒక్క మాట... ఒక్క మాట అని ఉంటే." చెప్పులు చేతిలో పట్టుకుని బయటికి నడిచింది.

నేను నా గదికి వచ్చాను. దిమ్మ ఇంకా బిగించే ఉంది. కణం ఇంకా ఎంత లోతు మిగిలిందో ఏమో, కోయగలిగినంతవరకూ కోయాలి, పాదం చివర ఎక్కడికి పోయిందో చూడాలి. తడి గుడ్డ మళ్ళీ కుక్కి కూర్చున్నాను. తొంభై దాకా కోశాను. తొంభై నాలుగో పొర కత్తికి అతుక్కుపోతే విసుగ్గా ఉండి లేచి కాసేపు నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. అమ్మాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపలికి వచ్చి, వెనక్కి తిరిగి తలుపు గట్టిగా నొక్కి వేసి, స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. ఒళ్ళో నోటుపుస్తకం తెరిచింది.

"ఎన్నో నంబరు?"

"నూట పన్నెండు. కానీ ముందొక సంగతి. నూట ఎనిమిది నలిగింది. నూట ఆరు మీద గీత పడింది, కత్తికి నొక్కు ఉందేమో, కొంచెం పక్కకి జరపాలి. జరిపితే రెండు పొరలు పోతాయి. జరపమంటావా?"

అంత మాట నా నోట్లోంచి ఒక్కసారిగా రావడం ఆమె ఎప్పుడూ వినలేదు. పుస్తకంలోంచి తలెత్తి చూసింది. నవ్వలేదు.

"జరపండి," అంది. నూట ఎనిమిదికీ నూట ఆరుకీ ఎదురుగా రాసుకుంది.